వాన తడపని పద్మిని

అనంతపద్మనాభం గారు స్కూటరు స్టార్టు చేసేటప్పుడు దాన్ని ఎడమవైపుకి వంచి మూడుసార్లు తన్నేవారు, నాలుగోసారి తిట్టేవారు. తిట్టాకే అది అందుకునేది. ఈలోగా ఆయన చెల్లెలు కామేశ్వరి చేతికర్ర, టిఫిను క్యారేజీ, దిద్దిన లెక్కల పుస్తకాల సంచీ పట్టుకుని అరుగు చివర సిద్ధంగా ఉండేది. ఆయన బండిని అరుగుకి ఆనించి ఆపితే, అరుగు మీంచే వెనకసీటు మీదికి జరిగి కూర్చునేది. ఎడమకాలిని చేత్తో ఎత్తి సర్దుకునేది. రెండో ఏట పోలియో వచ్చి సన్నబడిపోయిన కాలు అది.

బందరులో బాలికల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరిన రోజు నుంచీ ఇదే వరస. ముప్ఫై ఏళ్ళపాటు గొడుగుపేట నుంచి స్కూలు దాకా ఆమె చూసిన లోకమంతా అన్నగారి వీపుకి కుడిపక్క కొంచెం, ఎడమపక్క కొంచెం.

ఆ ఫిబ్రవరిలో అన్నగారి కళ్ళకి ఆపరేషన్ అయింది. డాక్టరు ఇక స్కూటరు తియ్యొద్దన్నాడు. ఆ సాయంత్రం ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి తీర్పు చెప్పేశారు.

"నాకు చూపు ఆనదు, నీకు కాలు ఆనదు. ఇద్దరం ఇంట్లో కూర్చుందాం కామూ. వాలంటరీ రిటైర్మెంటు రాసెయ్."

"నాకింకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది అన్నయ్యా."

"ఉంటే? రోజూ ఆటో ఎక్కి దిగుతావా? మొన్న ఎక్కబోతూ పడ్డావు కదా."

"ఆటో ఎక్కను. కారు కొనుక్కుంటాను."

"డ్రైవరు దొరకొద్దూ?"

"డ్రైవరెందుకు? ముప్ఫై ఏళ్ళు నీ వెనక కూర్చున్నాను. ఇంకొకళ్ళ వెనక కూర్చోడానికి కారు దేనికి?"

ఆయన నవ్వారు గానీ ఆమె నవ్వలేదు. ఆదివారం షోరూముకి వెళ్ళారు. క్లచ్ లేని కొత్త కార్లున్నాయి. కానీ వాటి సీట్లు ఎత్తుగా ఉన్నాయి. ఎడమకాలిని లోపలికి లాక్కోవడానికి రెండు చేతులూ పట్టింది, అప్పటికీ మోకాలు తలుపుకి కొట్టుకుంది. పైగా అక్కడి సేల్స్ మనిషి కారు గురించి చెప్పిందంతా అన్నగారికే చెప్పాడు. "సార్, మేడమ్‌కి ఏ రంగు ఇష్టం?" అని కూడా ఆయన్నే అడిగాడు. కామేశ్వరి కర్ర తీసుకుని బయటికి వచ్చేసింది.

కాలికి తగిన కారు ఒకటుందన్న కబురు తెచ్చింది రాజకుమారి. ఆమె అదే స్కూల్లో సోషల్ టీచరు, కామేశ్వరికి పాతికేళ్ళుగా స్నేహితురాలు. గుడివాడ నుంచి రోజూ పాసింజరు రైల్లో వచ్చే డ్రాయింగు మాస్టారు చెప్పారట: అక్కడ సాల్మన్ రాజు అనే మెకానిక్కు షెడ్డులో పాత పద్మిని కారు ఉందనీ, ఎడమకాలు పోయిన రైతు ఒకాయన నడపడానికి వీలుగా మార్చిందనీ.

"పాత పద్మినా!" అన్నారు అనంతపద్మనాభం గారు. "బందరు ఉప్పుగాలికి ఇనుపమేకే ఒక్క ఏడాది ఆగదు. నలభై ఏళ్ళ నాటి కారు జల్లెడైపోయి ఉంటుంది. పైన రంగేసి అంటగడతారు." అయినా చెల్లెల్ని ఒక్కదాన్నీ మోసపోనివ్వడం ఇష్టం లేక, ఒక అయస్కాంతం జేబులో వేసుకుని ఆయనా రైలెక్కారు. రేకు స్థానంలో మైనం కూరి రంగేస్తే అయస్కాంతం అంటుకోదని ఎక్కడో చదివారు.

షెడ్డు ముందు వేపచెట్టు నీడలో కారు నిలబడి ఉంది. నెమలికంఠం రంగు. చిన్న గుండ్రటి దీపాలు, వాటి మధ్య వెండిపళ్ళ లాంటి జాలీ. కామేశ్వరి దాని చుట్టూ ఒకసారి నడిచింది. సాల్మన్ రాజు తలుపు తెరిచి, సీటు పక్కన చిన్న మీట నొక్కాడు. సీటు మొత్తం తలుపు వైపుకి తిరిగింది. ఆమె కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. సీటు మళ్ళీ ముందుకి తిరిగేసరికి ఎడమకాలు దానంతటదే లోపల ఉంది.

"గేరు స్టీరింగు పక్కనే అండి, పద్మినికి కంపెనీ నుంచే అంత. దానికి నేను స్కూటరు క్లచ్ పిడి బిగించానండి. పిడి నొక్కితే క్లచ్, తిప్పితే గేరు. ఎడంకాలితో పన్లేదు. బ్రేకు, యాక్సిలరేటరు కుడికాలికి. ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు నేనే పెట్టానండి. ఇంజను మళ్ళీ కొత్తగా కట్టాను."

ఈలోగా అన్నగారు కారుని అంగుళం అంగుళం అయస్కాంతంతో తడుముతున్నారు. తలుపుల అడుగున, చక్రాల పైన, డిక్కీ మూలల్లో. అన్ని చోట్లా అయస్కాంతం ఠక్కున అతుక్కుంది.

"తుప్పేదండీ?" అన్నారు అనుమానంగా.

"దీనిమీద వాన పడదండి," అన్నాడు సాల్మన్ రాజు.

"ఎప్పుడూ షెడ్డులోనే ఉంచారా?"

"షెడ్డెక్కడిదండీ, ఓనరుగారి కళ్ళంలోనే ఉండేది. వాన పడదంతే. చుట్టూ నాలుగు బారల మేర పడదు."

"ఓహో, అదీ సంగతి." ఆయన అయస్కాంతం జేబులో వేసుకున్నారు. "మరి బ్యాటరీ ఎప్పుడు మార్చారు?"

కారు యజమాని రామబ్రహ్మం గారు వేపచెట్టు కింద మడతకుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్నారు. డెబ్భై దాటిన మనిషి. కుర్రతనంలో ట్రాక్టరు కింద పడి మోకాలి దాకా కాలు పోయింది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని నడపడం మానేశారు.

"కారు ఎవరికమ్మా?"

"నాకేనండి."

"నడపడం వచ్చా?"

"రాదండి."

"అయితే అమ్మను." ఆయన గొంతులో కోపమేమీ లేదు. "అలంకారానికి కొనుక్కునేవాళ్ళు వచ్చారు, సినిమాలకి అద్దెకిచ్చుకుంటామని వచ్చారు. ఎవరికీ ఇవ్వలేదు. ఇది నడిచే బండి. నేర్చుకుని రండి, ఇస్తాను. నేర్చుకోవడం కూడా దీనిమీదే. సాల్మన్ నేర్పుతాడు."

అన్నగారు రైలు టైమయిందన్నట్టు గడియారం చూసుకున్నారు. కామేశ్వరి మాత్రం, "వేసవి సెలవులు ఏప్రిల్ ఇరవై నాలుగు నుంచండి. ఇరవై ఐదున వస్తాను," అంది.

వచ్చింది. నెలా పదిరోజులు, రోజూ పొద్దున్న పాసింజరుకి వచ్చి, మధ్యాహ్నం ఎండలో తిరిగి వెళ్ళింది. మొదటి వారం కారు కప్పలాగా గెంతి ఆగిపోవడం తప్ప ఏమీ చెయ్యలేదు. పిడి నొక్కీ నొక్కీ అరచెయ్యి బొబ్బలెక్కింది. గుడ్డ చుట్టుకుని నొక్కింది. రెండో వారం తవుడు బస్తాల గుట్టని గుద్దింది. బస్తా పగిలి కారు ముందుభాగమంతా తవుడు చల్లుకుంటే, కొట్టు ముందున్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆమె దిగి, కర్ర ఊతంతో కొట్టు దాకా వెళ్ళి, క్షమించమని అడిగి, వెనక్కి వచ్చి మళ్ళీ స్టార్టు చేసింది.

"క్లచ్ వదులుతూ ఉండాలి, యాక్సిలరేటరు ఇస్తూ ఉండాలండి," అని సాల్మన్ రాజు వందోసారి చెప్పాడు. "రెండూ ఒకేసారి."

"అంటే ఒకటి తగ్గినకొద్దీ ఒకటి పెరగాలి. విలోమానుపాతం. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా!"

"నాకు పని తెలుసండి, పేరు తెలీదు."

ఆ రోజు నుంచి కారు గెంతడం మానేసింది. ఇంక కాలవ వంతెన ఎక్కుడు మిగిలింది. వంతెన మీద ఆగి మళ్ళీ బయల్దేరబోతే కారు వెనక్కి జారేది. వెనక బస్సు హారను, ఆటోవాళ్ళ కేకలు. అలా మూడు రోజులు జారింది. నాలుగో రోజు తనే కావాలని వంతెన నడిమధ్యలో ఆపింది. వెనక హారన్లు మోగుతుంటే, పట్టించుకోకుండా హ్యాండు బ్రేకు మెల్లగా వదిలి, పిడి మెల్లగా వదిలి, పైకి వెళ్ళిపోయింది. కిందికి దిగాక మళ్ళీ తిప్పుకొచ్చి ఆపింది. అలా ఏడుసార్లు ఎక్కింది. పక్కసీట్లో సాల్మన్ రాజు పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

సెలవుల ఆఖరి వారంలో రామబ్రహ్మం గారు గ్లాసు నిండా మజ్జిగ పట్టుకుని వెనకసీట్లో కూర్చున్నారు. "గుడ్లవల్లేరు దాకా పోనివ్వమ్మా," అన్నారు. పోయి వచ్చారు. షెడ్డు ముందు ఆపాక ఆయన ఒక్క చుక్కా ఒలకని గ్లాసు చూసుకుని, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, తాళాలు ఆమె చేతిలో పెట్టారు.

లైసెన్సు రెండోసారికి వచ్చింది. బండి ఫిట్‌నెస్ చూసిన ఇన్‌స్పెక్టరు వైపర్లు వెయ్యమన్నాడు. నలభై ఏళ్ళ నాటి వైపర్లు కొత్తవాటిలా ఉన్నాయి. "వాన పడదు కదండీ, అరగలేదు," అని కామేశ్వరి చెబితే, ఆయన తలూపి, ఒక మగ్గు నీళ్ళు తెప్పించి అద్దం మీద పోశాడు. మగ్గు నీళ్ళు పడ్డాయి, వైపర్లు తుడిచాయి, కాగితం మీద సంతకం పడింది.

జూన్‌లో మొదటి వాన పడినప్పుడు కారు ఇంటి ముందు ఉంది. వీధంతా ధారలు కడుతుంటే దాని చుట్టూ మాత్రం నేల పొడిగా, ముగ్గు చెరక్కుండా ఉంది. అరగంటలో ఎదురింటావిడ మడతమంచం తెచ్చి అప్పడాలు ఆరేసుకుంది. పక్కింటి వాళ్ళు తీగ కట్టి బట్టలు వేశారు. పిల్లి పిల్లల్ని ఒక్కొక్కటే నోట కరుచుకొచ్చి కారు కిందకి చేర్చింది. "అప్పడాలు తీసేటప్పుడు పిల్లి జాగ్రత్తండీ," అంది కామేశ్వరి. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు. కారు దండగ అన్న అన్నగారు కూడా వానొచ్చినప్పుడల్లా అందులో కూర్చుని పేపరు చదువుకోవడం మొదలుపెట్టారు. అరుగు మీద జల్లు కొడుతోందట.

కామేశ్వరికి మాత్రం వాన సంగతి కాదు, దారి సంగతి ముఖ్యం. స్కూలు పదినిమిషాల దారి. ఆమె చిలకలపూడి మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది. తెల్లవారుజామున మంగినపూడి బీచికి వెళ్ళి, దిగకుండా, సీటు సముద్రం వైపుకి తిప్పుకుని ఫ్లాస్కులో కాఫీ తాగేది. పెడన వెళ్ళి రంగుల అద్దకం చీర బేరమాడేది. నాలుగో గేరులో పడ్డాక పద్మిని కుట్టుమిషనులా సన్నగా పాడేది. ఎడమచేతి కింద ఆ పిడి ఎంత మెత్తబడిందంటే, క్లాసులో నల్లబల్ల మీద రాస్తూ కూడా ఒక్కోసారి ఎడమచెయ్యి గాల్లో నొక్కుతూ ఉండేది. "ఎక్కడికెళ్ళావే ఇంతసేపు?" అని అన్నగారు అడిగితే, "ఊరికే," అనేది. ఆ మాట ఆమె జీవితంలో అంతకుముందు ఎవరికీ చెప్పే అవకాశం రాలేదు.

రాజకుమారి ఆ వానాకాలంలో ఒకరోజు కారులో నిద్రపోయింది. ఇది మామూలు విషయం కాదు.

రాజకుమారిది దివిసీమ. డెబ్భై ఏడు ఉప్పెన నాటికి ఆరేళ్ళ పిల్ల. తెల్లారేసరికి ఇంట్లో తొమ్మిదిమందిలో తనొక్కతే మిగిలింది, తాటిమట్టల్లో చిక్కుకుని. పెద్దమ్మ వచ్చి బందరు తీసుకొచ్చి పెంచింది. ఆ పిల్ల చదువుకుంది, టీచరయింది, పిల్లలకి పటం మీద నదులూ సముద్రాలూ చూపించింది. కానీ మళ్ళీ కృష్ణ పాయ దాటి దివిసీమలో అడుగుపెట్టలేదు. పైకప్పు మీద వాన చప్పుడు వినపడితే కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయేవి. స్కూల్లో వాన మొదలైతే ఆమె స్టాఫ్‌రూములో చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేది, ఆమె క్లాసుని కామేశ్వరి తీసుకునేది. వానలు ఎక్కువ పడిన ఏడు ఆ స్కూల్లో లెక్కల మార్కులు పెరిగేవి. రాజకుమారికి హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ రెండుసార్లు వస్తే, రెండుసార్లూ వద్దని రాసిచ్చింది. కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

ఆ రోజు కామేశ్వరి ఇంట్లో టీ తాగుతుండగా వాన పట్టుకుంది. రాజకుమారి కప్పు కింద పెట్టేసి రెండు చేతులతో చెవులు మూసుకుంది. కామేశ్వరి ఆమెని లేపి, అరుగు మెట్ల పక్కనే ఉన్న కారులో కూర్చోబెట్టి తలుపులు వేసింది. పైన చప్పుడు లేదు. ఎక్కడో నాలుగిళ్ళ అవతల పడుతున్నట్టు మాత్రం ఉంది. రాజకుమారి కాసేపు కారు పైకప్పు వైపే చూసింది. కాసేపటికి తల పక్కకి వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలాగా నిద్రపోయింది. కామేశ్వరి ముందుసీట్లో కూర్చుని రెండు సెక్షన్ల పేపర్లు దిద్దింది.

ఆగస్టులో మూడోసారి ప్రమోషన్ వచ్చింది. ఈసారి కోడూరు దాటాక ఒక ఊళ్ళో హైస్కూలు. అంటే దివిసీమే. శనివారం సాయంత్రంలోగా వెళ్ళి చేరాలి. బుధవారం అల్పపీడనం మొదలైంది, ముసురు వదల్లేదు. శుక్రవారం వాన కాస్త తెరిపిచ్చిన గంటలో రాజకుమారి వచ్చి ఒక కవరు కామేశ్వరి చేతికిచ్చింది.

"రేపు ఆఫీసులో ఇచ్చెయ్. వద్దని రాశాను."

కామేశ్వరి కవరు తెరిచి చదివింది. సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి కాగితానికి అడ్డంగా గీత గీసింది.

"ఏమిటే ఇది!"

"లెక్క తప్పు. రేపు పొద్దున్న ఏడింటికి వస్తాను, సిద్ధంగా ఉండు."

"నాకు చేతకాదు కామేశ్వరీ. నీకు తెలుసు."

"నాకూ చేతకాదనే అన్నారు అందరూ."

"అదీ ఇదీ ఒకటి కాదు."

"కాదు. నీది నాకంటే కష్టం," అంది కామేశ్వరి. "అందుకే నేను నడుపుతాను, నువ్వు ఊరికే కూర్చో. చేరడం నీవల్ల కాకపోతే తిరిగొచ్చేద్దాం. వెళ్ళకుండా మాత్రం వద్దని రాయకు."

ఇంట్లో అన్నగారు ఊరుకోలేదు. "ఈ ముసుర్లో, దివిసీమకి, ఇద్దరు ఆడవాళ్ళు!"

"వాన మామీద పడదు కదా అన్నయ్యా."

"వాన పడదు. వరద? వరదకి తెలుసా మీ కారు సంగతి?" అన్నారు. కానీ పొద్దున్నే లేచి, కనిపించీ కనిపించని కళ్ళతో నాలుగు టైర్లనీ బొటనవేలితో నొక్కి చూసి, డిక్కీలో ఒక తాడూ, రెండు పాత దుప్పట్లూ పెట్టారు.

రాజకుమారి వెనకసీట్లో దుప్పటి తల దాకా కప్పుకుని పడుకుంది. చల్లపల్లి దాటారు. కారుకి నాలుగు బారల దూరంలో చుట్టూ వాన గోడలా నిలబడి, కారుతో పాటే కదులుతోంది. ఎదురుగా వచ్చిన స్కూటర్ల వాళ్ళు ఆ పొడిచోటులోకి రాగానే మొహం తుడుచుకుని, దాటగానే మళ్ళీ తల దించుకునేవాళ్ళు. లారీలు చిమ్మిన బురద మాత్రం అద్దం మీద పడేది. అది వాన కాదు కదా. వైపర్లకి మొదటిసారి చేతినిండా పని దొరికింది.

మోపిదేవి దగ్గర రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి. పొలమేదో రోడ్డేదో తెలియడం లేదు. ఒక కారు, రెండు ఆటోలు ఇవతలే ఆగిపోయాయి. గొడుగేసుకున్న మనిషొకాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. కామేశ్వరి కిటికీ దించింది.

"ఎంత లోతుందండీ?"

"మోకాలి బంటి ఉంటుందమ్మా. రెండు ఫర్లాంగులు. వద్దండీ."

నీళ్ళలో మొదటి గేరు మార్చకూడదని, యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యకూడదని, తీస్తే సైలెన్సరు నీళ్ళు తాగి బండి అక్కడే నిలబడిపోతుందని సాల్మన్ రాజు చెప్పి ఉన్నాడు. బస్సు ఒకటి వచ్చి నీళ్ళలో దిగింది. దాని చక్రాల మధ్య నీళ్ళు చీలిన దారి చూసుకుని, కామేశ్వరి దాని వెనకే పోనిచ్చింది. తలుపుల అడుగు నుంచి నీళ్ళు సన్నగా లోపలికి వచ్చాయి. ఇంజను మూలుగుతోంది. కుడికాలు తిమ్మిరెక్కింది. తియ్యలేదు. రెండు ఫర్లాంగులు ఒక పీరియడ్ అంత పొడుగు సాగి, చివరికి చక్రాల కింద గట్టినేల తగిలింది. వెనకనుంచి దుప్పట్లోంచి గొంతు వినపడింది.

"చల్లగా తగిలింది కాళ్ళకి. ఏమిటది?"

"నీళ్ళు. అయిపోయాయి."

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీది వంతెన ఎక్కగానే ఆ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి అది ఆరేళ్ళ పిల్ల గొంతు. "వెనక్కి తిప్పు కామేశ్వరీ. తిప్పు."

"వంతెన మీద తిప్పడానికి చోటు లేదు."

అవతలి ఒడ్డున చోటుంది. కామేశ్వరి రోడ్డు పక్కకి ఆపి, ఇంజను ఆర్పకుండా, వెనక్కి తిరిగి చూసింది.

"తిప్పమంటే తిప్పుతాను. అబద్ధం చెప్పను. కానీ దుప్పటి తీసి, ఒకసారి చుట్టూ చూసి చెప్పు. అప్పుడే తిప్పుతాను."

చాలాసేపటికి దుప్పటి కదిలింది. రాజకుమారి లేచి కూర్చుంది. కిటికీలోంచి చూసింది. ఎర్రటి నీళ్ళు, అరటితోటలు, వాన గోడ అవతల మసకగా కరెంటు స్తంభాల వరస. నాలుగు బారల లోపల మాత్రం తడవని గడ్డి, దానిమీద వాలిన రెండు కొంగలు. ఆమె ఆ కొంగల్నే చూస్తూ ఉంది.

"మా నాన్న ఈ దారినే నన్ను సైకిలు మీద అవనిగడ్డ సంతకి తీసుకొచ్చేవాడు," అంది. "మర్చిపోయాననుకున్నాను."

కామేశ్వరి చెయ్యి గేరు పిడి మీదే ఉంది.

"పోనీ. ముందుకే పోనీ," అంది రాజకుమారి.

కోడూరు దాటి ఆ ఊరు చేరేసరికి పన్నెండు దాటింది. స్కూలు గేటు ముందు తూము కూలిపోయి, దానిమీద రెండు తాటిదుంగలు పరిచి ఉన్నాయి. మనిషి నడవొచ్చు, కారు వెళ్ళదు. గేటు నుంచి వరండా దాకా ఎనభై అడుగులుంటుంది, అంతా నల్లరేగడి బురద, దానిమీద ఎడతెగని వాన. కారు ఇచ్చే పొడిచోటు తాటిదుంగల దాకా వచ్చి ఆగిపోయింది.

రాజకుమారి దుప్పటి మళ్ళీ పైకి లాక్కుంది.

"నువ్వు కూర్చో," అంది కామేశ్వరి. "నేను వెళ్ళి ఇన్‌ఛార్జి గారిని రిజిస్టరు ఇక్కడికే పట్టుకురమ్మని అడుగుతాను. కారులోనే సంతకం పెడుదువుగాని."

సీటు తిప్పి దిగింది. కర్ర దుంగ మీద ఆనించి, ఒక్కో అడుగూ చూసుకుంటూ దాటింది. పొడిచోటు దాటగానే వాన కుండలతో కుమ్మరించినట్టు నెత్తిన పడింది. ఇరవై అడుగులు నడిచిందేమో. కర్ర బురదలో మూరెడు దిగబడిపోయింది. లాగితే రాలేదు. ఎడమకాలు వంగిపోయింది. కుడికాలు ఇంకా లోపలికి జారుతోంది. కర్ర వదిలితే పడుతుంది, వదలకపోతే కదల్లేదు. ఆమె అరవలేదు. అరిస్తే ఆ వానలోకి దిగి రావలసింది రాజకుమారేనని ఆమెకి తెలుసు. పళ్ళ బిగువున నిలబడింది.

వెనక కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

రాజకుమారి దుంగల దాకా వచ్చి ఆగింది. ఎదురుగా స్నేహితురాలు, చీర కొంగు నీళ్ళోడుతుండగా, కర్రతో సహా పక్కకి ఒరుగుతూ కనిపిస్తోంది. రాజకుమారి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, మాట కాదు. ఆ శబ్దంతోనే దుంగలు దాటి వానలోకి పరుగెత్తింది. చెప్పులు బురదలో ఉండిపోయాయి. వచ్చి కామేశ్వరి నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టేసుకుంది.

"తడిసిపోతున్నావే," అంది కామేశ్వరి.

"నోరు మూసుకుని నడు."

నడిచారు. రాజకుమారి ఒళ్ళంతా వణుకుతూనే ఉంది, పళ్ళు కటకటలాడుతూనే ఉన్నాయి. పట్టు మాత్రం సడల్లేదు. వరండా ఎక్కాక కూడా ఆమె కాసేపు వదల్లేదు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చూసేవాళ్ళకి తెలిసేది కాదు.

ఇన్‌ఛార్జి హెడ్‌మాస్టరు జగన్మోహనరావు గారు గాభరాగా లేచి కుర్చీలు వేయించారు, తువ్వాళ్ళు తెప్పించారు, వేడి టీ తెప్పించారు. రాజకుమారి టీ ముట్టకుండా కాగితం అడిగింది. చేరుతున్నట్టు నాలుగు వాక్యాలు రాసి, కింద సంతకం పెట్టింది. జుట్టులోంచి కారిన నీళ్ళు పడి సంతకం సగం అలుక్కుపోయింది.

"ఇంకో కాగితం మీద రాసివ్వండి మేడమ్. ఇది బాగుండదు."

"ఇదే ఉంచండి మాస్టారూ," అంది ఆమె. "వానలో వచ్చి చేరాను. అలాగే ఉండనివ్వండి."

ఆయన ఆ కాగితాన్ని కిటికీ గూట్లో ఆరబెట్టారు. అప్పుడే ఆ కిటికీలోంచి బయటికి చూసి నాలుక కరుచుకున్నారు. భోజనాల గంట ముగిసిపోయింది. అటెండరు రెండోసారి బెల్లు కొడుతున్నాడు. పిల్లలు రారు. గేటు అవతల పద్మిని చుట్టూ, ఆ నాలుగు బారల పొడిచోటులో, డెబ్భై ఎనభైమంది పళ్ళేలతో సహా చేరిపోయారు. కొందరు గోళీలాడుతున్నారు, కొందరు తొక్కుడుబిళ్ళ గీసుకున్నారు.

"వారం నుంచీ కాలు బయట పెట్టడానికి లేదు కదండీ, పొడినేల చూసేసరికి..." అన్నారు జగన్మోహనరావు గారు. "దుర్గారావూ, గొడుగు తీసుకెళ్ళి తోలుకురా!"

"వద్దండి, నేను వెళ్తాను," అని రాజకుమారి లేచింది.

కామేశ్వరి టీ గ్లాసు కిందపెట్టింది. రాజకుమారి వరండా మెట్ల చివర నిలబడి ఊపిరి ఒకసారి లోపలికి తీసుకుంది. పైట నడుముకి బిగించింది. గొడుగు అందిస్తున్న అటెండరు చేతిని పక్కకి నెట్టి, చెప్పుల్లేని కాళ్ళతో మెట్టు దిగింది. ఈసారి పరుగెత్తలేదు. వాన నెత్తిమీద, భుజాల మీద, మొహం మీద పడుతుంటే, బడి ఆవరణ మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి, తాటిదుంగల దగ్గర ఆగింది.

"బెల్లు రెండుసార్లు కొట్టారు! వినపళ్ళేదా ఎవరికీ?"

గోళీలు ఆగిపోయాయి. తొక్కుడుబిళ్ళ ఆడుతున్న పిల్ల ఒంటికాలి మీదే ఆగి, నిలువునా తడిసిన ఈ కొత్తావిణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరెవరండీ?"

"మీ హెడ్మిస్ట్రెస్‌ని," అంది రాజకుమారి. "కాలు దించు. పదండి లోపలికి."